రక్తంలో ఈస్ట్రడయోల్ (ఆడ హార్మోన్) ఒకసారి 310, ఇంకోసారి 68. మందు పనిచేయట్లేదా?

మారతహళ్ళి_పీజీ: నేను ట్రాన్స్ అమ్మాయిని, హార్మోన్లు మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. ఈస్ట్రడయోల్ వాలరేట్ 2 మిల్లీగ్రాముల మాత్ర పొద్దునొకటి రాత్రొకటి నాలుక కింద పెట్టుకుంటాను, తోడుగా మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని అణచడానికి స్పైరోనోలాక్టోన్. పోయినసారి రిపోర్టులో 310 పికోగ్రాములు, నిన్నటిదాంట్లో 68. అదే మాత్ర, అదే డోసు. టెస్టోస్టెరాన్ మాత్రం రెండుసార్లూ 30 దాటలేదు. రాత్రంతా నిద్రపట్టలేదు, ఇప్పటిదాకా వచ్చిన కాస్త మార్పూ వెనక్కి పోతుందేమోనని ఒకటే టెన్షన్. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే నెల. ఈలోగా మూడో మాత్ర వేసుకోనా?

పెద్దక్క: వద్దు చెల్లీ, నీ అంతట నువ్వు డోసు పెంచకు. రక్తం ఇచ్చిన రోజు మాత్ర ఎన్నింటికి పెట్టుకున్నావో ముందు అది చెప్పు.

మారతహళ్ళి_పీజీ: మొదటిసారి మాత్ర కరిగిన గంటకి ల్యాబ్ అబ్బాయి వచ్చాడక్కా. నిన్న పరగడుపున, పొద్దున మాత్ర పెట్టుకోకముందే ఇచ్చాను.

పెద్దక్క: అదే మరి తేడా! నాలుక కింద మాత్ర లివర్ దాకా పోకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి గంట, రెండు గంటల్లో లెవెల్ పైకి లేచి, తర్వాత కొన్ని గంటల్లోనే బాగా దిగిపోతుంది. నువ్వు ఒకసారి శిఖరం కొలిచావు, ఇంకోసారి లోయ. డాక్టర్లు మామూలుగా చూసేది ఈస్ట్రడయోల్ 100 నుంచి 200, టెస్టోస్టెరాన్ 50 నానోగ్రాముల లోపు. నీ టెస్టోస్టెరాన్ అదుపులోనే ఉంది, అది చాలా మంచి మాట. ఛాతీ ఎదుగుదల పూర్తవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, ఒక్క రిపోర్టుతో ఏదీ వెనక్కి పోదు తల్లీ. నెలసరి వచ్చే ఆడవాళ్ళలో కూడా ఈ అంకె నెల పొడుగునా పడుతూ లేస్తూనే ఉంటుంది.

పెరంబూర్_అమ్మాయి: నేను చెన్నైలో మాత్ర బదులు ఒంటికి రాసుకునే ఈస్ట్రడయోల్ జెల్ వాడుతున్నా. జెల్ రాసిన చేతి నుంచే రక్తం తీస్తే అంకె అబద్ధం చెబుతుంది, అందుకే తొడకి రాస్తాను. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటున్నావా? అది కూడా రీడింగ్‌ని చెడగొడుతుంది, టెస్టుకి రెండు మూడు రోజుల ముందే ఆపమని మా డాక్టర్ చెప్పారు. ల్యాబ్ మార్చకు, యూనిట్లు కూడా చూసుకో, కొన్ని ల్యాబులు పికోమోల్స్‌లో ఇస్తాయి, 100 పికోగ్రాములంటే అందులో 367 అవుతుంది. స్పైరో మీద ఉన్నావు కాబట్టి పొటాషియం టెస్టు వదలకు.

మారతహళ్ళి_పీజీ: బయోటిన్ రోజూ వేసుకుంటున్నాను, దీనికీ దానికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. నాలుక కింద మాత్ర కరిగేదాకా రూమ్మేట్ ఏమడిగినా నోరు తెరవలేక తలూపుతూ కూర్చోవాలి, ఆ ఇబ్బంది కూడా ఉంది. జెల్‌కి మారొచ్చా?

పెద్దక్క: డాక్టర్ని అడుగు. టైములు రాసిపెట్టి, రెండు రిపోర్టులూ ఇవాళే వాట్సాప్‌లో పంపు, అపాయింట్‌మెంట్ దాకా ఆగనక్కర్లేదు. మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని వేసుకోమని ఎవరైనా అంటే వినకు, వాటిలో ఉండే ఎథినైల్ ఈస్ట్రడయోల్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం మెసేజ్‌లు పెడుతూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళు.

మారతహళ్ళి_పీజీ: సరే అక్కా, పంపిస్తున్నా. మూడో మాత్ర వేసుకోను.