“కడప యొక్కటైన కలి…”: నిళ్ళా, విళ్ళా?

ప్రశ్న (కడప నుంచి)
సభ్యులకు నమస్కారం. మాకు నెట్‌వర్కింగ్ చెప్పిన అధ్యాపకులు, వీల్యాన్‌ల (ఒకే స్విచ్‌లో విడివిడిగా చేసిన నెట్‌వర్క్‌ల) మధ్య రౌటింగ్ (ఒకదాని నుంచి మరొకదానికి డేటాను పంపడం) పాఠం మొదలుపెట్టేటప్పుడు సొంతంగా అల్లిన ఆటవెలది ఒకటి బోర్డు మీద రాసేవారు. అందులో చివరి పాదం మాత్రమే నాకు గుర్తుంది: “కడప యొక్కటైన కలియు నిళ్ళు” (కలియును ఇళ్ళు). నా సహాధ్యాయి మాత్రం అది “కలియ విళ్ళు” (కలియవు ఇళ్ళు) అని గట్టిగా అంటున్నారు. ఒక్క అక్షరంతో అర్థం తలకిందులవుతోంది. ఏది సరైనదంటారు?

అనంతపురం సభ్యులు
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. “కలియు”, “కలియ” రెండూ నగణాలే, “నిళ్ళు”, “విళ్ళు” రెండూ హగణాలే, యతి ఎలాగూ చెల్లింది. కాబట్టి అర్థాన్నే ఆశ్రయించాలి. ఇళ్ళు అంటే వీల్యాన్‌లు, కడప (గడప) అంటే గేట్‌వే, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్ళే దారి. వీల్యాన్ 10లోని కంప్యూటరు వీల్యాన్ 20లోని ప్రింటరును చేరాలంటే, ప్యాకెట్‌ను 192.168.10.1 వంటి తన గేట్‌వేకే అప్పగించాలి. లేయర్ 3 స్విచ్‌లో (రౌటింగ్ కూడా చేయగల స్విచ్‌లో) “ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10”, “ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 20” రెండింటికీ ఐపీ చిరునామాలిచ్చి, “ఐపీ రౌటింగ్” అన్న ఆజ్ఞ ఇస్తే ఇళ్ళు కలుస్తాయి. కనుక “నిళ్ళు”.

కర్నూలు సభ్యురాలు
అయ్యా, మీరు “ఒక్కటైన” అన్న మాటను దాటవేశారు. గేట్‌వే ఒక్కటి కాదు, ఏ వీల్యాన్ గేట్‌వే దానిదే. అన్నిటికీ ఒక్కటిగా ఉండేది ట్రంక్ పోర్టు, అంటే పలు వీల్యాన్‌ల డేటాను ఒకే కేబుల్ మీద మోసే పోర్టు. ఆ పోర్టు గుండా ఎన్ని వీల్యాన్‌ల ఫ్రేములు (డేటా కట్టలు) వెళ్ళినా, 802.1క్యూ ప్రమాణం ఫ్రేములకు తగిలించే 4 బైట్ల ట్యాగులో, 1 నుంచి 4094 వరకు దేనిదో ఒక సంఖ్య 12 బిట్లలో ఉంటుంది గనుక, ఒకదానివి మరొకదానిలోకి పోవు. “స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్” అని కొట్టి, రౌటింగ్ అయిపోయిందనుకునే విద్యార్థికి ముందుగా చెప్పవలసిన మాట ఇదే: కడప ఒక్కటైనా ఇళ్ళు కలియవు. నా ఓటు “విళ్ళు”కే.

అనంతపురం సభ్యులు
“ఒక్కటైనా” అన్న అర్థం కావాలంటే “ఒక్కటైనను” అని ఉండాలి కదమ్మా. వేమన “గరిటెడైనను చాలు” అన్నప్పుడు ఆ “ను”ను విడవలేదు, తర్వాతి పాదంలోని “కడివెడైననేమి”లోనూ అది సంధిలో నిలిచే ఉంది. “ఒక్కటైన” అంటే “ఒక్కటి అయితే” అనే చేదర్థకమే.

కర్నూలు సభ్యురాలు
వేమనను తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. అధ్యాపకులు తరగతి గదిలో రాసిన పాదానికి అంత వ్యాకరణ నియమం ఎందుకు? వాడుకలోని “ఒక్కటైనా”ను గణం కోసం కుదించి ఉండవచ్చు.

కడప నుంచి మరొక సభ్యులు
ఇద్దరూ “కడప” అన్న మాట దగ్గర ఆగలేదు. గడప అన్నా యతి చెల్లేదే, క-గలకు మైత్రి ఉంది కదా. అయినా ఆయన “కడప” అనే ఎంచుకున్నారు. తిరుమలకు గడప అని పేరున్న దేవుని కడప మనది. తాళ్లపాక అన్నమయ్య తన సంకీర్తనల్లో కడపరాయడని పిలిచిన స్వామి అక్కడే ఉన్నాడు. ఆ పిలుపులోని చనువు విన్న ఊరివాడు మరో మాట ఎందుకు రాస్తాడు? గడప అంటే లోపలికి తీసుకువెళ్ళేదే గాని ఆపేది కాదు. పైగా, రౌటర్‌కు ఒకే ఒక్క కేబుల్ కలిపి, ఆ ఒక్క పోర్టులోనే 0/0.10, 0/0.20 అని సబ్‌ఇంటర్‌ఫేసులు (ఒకే పోర్టులో వీల్యాన్‌కొకటిగా చేసే ఉపవిభాగాలు) చేసి, ఒక్కోదానికి “ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 10”, “20” అని ఇచ్చి, ఐపీ చిరునామాలు పెట్టే పద్ధతి ఉంది. అక్కడ కడప నిజంగా ఒక్కటే, ఇళ్ళూ కలుస్తాయి.

ప్రశ్న అడిగినవారు
మూడో పాదం చివర “ట్యాగు” అన్న మాట ఉన్నదని నా సహాధ్యాయి ఇప్పుడే చెప్పారు.

కర్నూలు సభ్యురాలు
అయితే ట్రంకే, “విళ్ళు”.

అనంతపురం సభ్యులు
ట్యాగు లేకుండా సబ్‌ఇంటర్‌ఫేసు తన వీల్యాన్‌ను ఎలా గుర్తుపడుతుందమ్మా? “నిళ్ళు”. మూడో పాదం మొత్తం దొరికితే పెట్టండి.