అపార్ట్‌మెంట్‌లో అన్ని మతాల వాళ్ళం కలిసి ఇఫ్తార్ పెట్టుకోవాలంటే ఏమేం చూసుకోవాలి?

బాల్కనీ_తులసి:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. హిందువులు ఎక్కువ, ఓ ఇరవై ముస్లిం కుటుంబాలు, పదిహేను క్రైస్తవ కుటుంబాలు, రెండు జైన కుటుంబాలు. 2027 రంజాన్ నెలలో కమ్యూనిటీ హాల్లో అందరం కలిసి ఒక ఇఫ్తార్ పెట్టుకుందామని అసోసియేషన్‌లో అనుకున్నాం. వంద మంది దాకా వస్తారు. ఫొటో దిగి ఎవరిళ్ళకు వాళ్ళు పోయేట్టు ఉండకూడదని మా కోరిక. ఏ రోజు పెట్టాలి, ఏం వండించాలి, ఎలా కూర్చోబెట్టాలి? ముందుగా దీపం వెలిగించి మూడు మతాల ప్రార్థనలు చదివిద్దామని కూడా ఒక మాట వచ్చింది. తెలిసినవాళ్ళు చెప్పండి.

నెలవంక:
ముందు తేదీ తేల్చుకోండి, మిగతావన్నీ దాన్ని బట్టే. చంద్రుణ్ణి బట్టి ఒక రోజు అటూ ఇటూ అయినా 2027లో రంజాన్ నెల ఫిబ్రవరి 9 ప్రాంతంలో మొదలవుతుంది. ఫిబ్రవరి 10 భస్మ బుధవారం, అంటే క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలూ అప్పుడే మొదలు. మార్చి 6 శివరాత్రి. ముగ్గురూ ఒకే నెలలో పస్తులుండే ఏడాది అది, మీకు మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి విషయం దొరకదు.

వారం విషయానికొస్తే, శుక్రవారం వద్దు: నలభై రోజుల్లో కాథలిక్కులు ఆ రోజు మాంసం ముట్టరు. శనివారం మన ఇళ్ళలో సగం మంది నీచు తినరు. ఆదివారమే మేలు, చర్చి కూడా పొద్దున్నే అయిపోతుంది. చివరి పది రోజుల జోలికి పోకండి. కొందరు ఏతెకాఫ్‌లో, అంటే ఆ రోజులన్నీ మసీదులోనే ప్రార్థనలో గడుపుతూ ఉంటారు, 27వ రాత్రి జాగారం, బజారు పనులూ అప్పుడే. ఇవన్నీ చూస్తే ఫిబ్రవరి 21 ఆదివారం సరిగ్గా సరిపోతుంది.

ఇక గంటలు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో పొద్దు 6:20 ప్రాంతంలో గుంకుతుంది. ఫోన్ యాప్‌ని నమ్ముకోకుండా దగ్గరి మసీదు వాళ్ళిచ్చే సహర్ (తెల్లవారుజాము భోజనం)-ఇఫ్తార్ వేళల కార్డు గోడకు అంటించండి. ఇలాంటి కార్యక్రమాలు చెడేది ఎక్కువగా ఒక్కచోటే: ముఖ్య అతిథి 6:25 దాకా మైకు వదలడు, పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగనివాళ్ళు ఖర్జూరం చేతిలో పట్టుకుని ఆయన మొహంలోకి చూస్తుంటారు. పొద్దు గుంకగానే రోజా (ఉపవాసం) విడవాలి, ఆలస్యం చేయకూడదు. కాబట్టి చెప్పాల్సిందంతా 5:30కి మొదలుపెట్టి 6:10కి ముగించండి, మైకు తీగ పీకేయండి. షియాలు ఉంటే ఇంకో పది పదిహేను నిమిషాలు ఆగి విడుస్తారు, వాళ్ళ పళ్ళేలు తీసేయకండి. ఖర్జూరం, నీళ్ళు తీసుకోగానే మగ్రిబ్ (సాయంత్రపు) నమాజుకు లేస్తారు, పది నిమిషాలు. అసలు భోజనం ఆ తర్వాతే. రాత్రి చేసే ఇషా నమాజుకు, రంజాన్‌లో దాని తర్వాత చేసే తరావీహ్‌కు వెళ్ళేవాళ్ళుంటారు గనక 7:30కి అంతా అయిపోవాలి.

నమాజు స్థలం కూడా ముందే చూసుకోండి. మన ఊరి నుంచి ఖిబ్లా (నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు) పడమరకు, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. ఆ వైపు గోడ మీద పటాలు, ముందు బఫే బల్లలు లేకుండా హాల్లో ఒక మూల వదలండి, ఆడవాళ్ళకు విడిగా ఇంకో చోటు. వుజూకి (నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి) రెండు మూడు కుళాయిలు, కింద జారకుండా పట్టా.

పెద్దగరిటె:
తిండి లెక్క వంద మందికి రాస్తున్నా. ఖర్జూరాలు మనిషికి మూడు చొప్పున 3 కిలోలు (నడిపి రకమైతే కిలోకి వంద పైనే వస్తాయి). పుచ్చకాయ 15 కిలోలు, తొక్క పోగా తొమ్మిదో పదో మిగులుతుంది. బొప్పాయి 8 కిలోలు, అరటిపళ్ళు వంద. శనగలు ఎండువి 4 కిలోలు, ముందు రాత్రి నానబెడితే రెట్టింపు దాటుతాయి. ఎండలు ముదిరే రోజులు కాబట్టి నానేటప్పుడు ఒకసారి నీళ్ళు మార్చకపోతే పులుపు వాసన వస్తుంది. ఈ శనగలు తప్పకుండా పెట్టండి. దసరాకి గుగ్గిళ్ళుగా మనం పంచేవీ, ఇఫ్తార్‌లో ఉల్లిపాయ, నిమ్మరసం వేసి వాళ్ళు తినేవీ అవే. బిర్యానీకి బియ్యం 10-11 కిలోలు, అందులో సగం వెజ్.

అంతా శాకాహారమే పెడితే గొడవ ఉండదని ఎవరో ఒకరు అంటారు. నా లెక్కలో అది తప్పించుకోవడమే. పళ్ళు, శనగలు, బజ్జీలు, షర్బత్ అందరికీ ఒకే దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) మీద, పూర్తి శాకాహారం. మాంసం వంటలు హాలు చివర వేరే బల్ల మీద, ఒక్కో గిన్నె ముందు పెద్ద అక్షరాల చీటీతో. ముఖ్యంగా హలీమ్ ముందు. గోధుమ జావలా కనబడుతుంది, తెలియనివాళ్ళు గరిటె ముంచేస్తారు.

కేటరర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. మాంసం హలాల్ కొట్టుదేనా? కాకపోతే ముస్లింలు నోరు తెరిచి చెప్పరు, ఊరికే పళ్ళు తిని వెళ్ళిపోతారు. ఖీమా సమోసా, మిర్చి బజ్జీ ఒకే నూనెలో వేయిస్తారా? రెండు బాణళ్ళు పెట్టించండి. పుడ్డింగ్‌లో, జెల్లీలో జెలటిన్ ఉందా? అది జంతువుల నుంచి తీసేది, అటు శాకాహారులకూ పనికిరాదు, ఇటు హలాల్ కాదేమోనని ముస్లింలూ ముట్టరు.

ఇంకోటి, ఎవరైనా ప్రేమకొద్దీ గుడి ప్రసాదం తెస్తే దాన్ని ఆ బల్ల మీద కలపకండి. చాలామంది ముస్లింలు, కొందరు క్రైస్తవులు నైవేద్యం పెట్టినది తినరు. అది అవమానించడం కాదు, వాళ్ళ నియమం. ఎందుకు తినలేదని మాత్రం అడగొద్దు.

డబ్బు ఇష్టమున్న ఫ్లాట్ల నుంచి సమానంగా వసూలు చేయండి. జకాత్ (ముస్లింలు విధిగా తీసే దానం) సొమ్ము మాత్రం తీసుకోకండి, అది అర్హులైన పేదలకు చెందాల్సింది. నాయకుడి స్పాన్సర్‌షిప్ తీసుకుంటే ఫ్లెక్సీ ఆయనది, ఇఫ్తార్ కూడా ఆయనదే అవుతుంది.

చాపమీద:
దీపం సంగతి. వద్దండి. జ్యోతి ప్రజ్వలన మనకు మామూలు సభా మర్యాద, కానీ చాలామంది ముస్లింలకు, కొన్ని చర్చిల వాళ్ళకు అది పూజలో భాగం. వేదిక మీదకు పిలిచాక వాళ్ళు ఒత్తి ముట్టించకపోతే చూసేవాళ్ళకు ఒకటి అనిపిస్తుంది, ముట్టిస్తే ఇంటికెళ్ళాక వాళ్ళకు ఇంకోటి. మూడు ప్రార్థనలు వరసగా చదివించడమూ అంతే, ఎవరిది ఎంతసేపని జనం గడియారం చూస్తారు. అసలు వేదికే వేయకండి. నమాజు చేసేవాళ్ళు చేసుకుంటారు, మిగతావాళ్ళు ఆ పది నిమిషాలు మాటలు తగ్గించి కూర్చుంటే చాలు.

కూర్చోవడం: చాపకు ఎనిమిది మంది, పదమూడు చాపలు. గుమ్మం దగ్గర నంబరు చీటీలు పెట్టండి. భార్యాభర్తలైనా వేర్వేరు చీటీలు తీయాలి, పిల్లలు మాత్రం తల్లితో. ఆడవాళ్ళు విడిగా కూర్చుంటామంటే వాళ్ళకు నాలుగైదు చాపలు వేరే వరసలో వేయండి, బలవంతం వద్దు. మతాన్ని బట్టి లెక్కగట్టి కలపొద్దు, అది కనిపెట్టేస్తారు.

చాపకొకరు మాట నడిపేవాళ్ళు ఉండాలి. వాళ్ళకు చెప్పాల్సిన నియమం ఒక్కటే: 'మా మతం ఇలా అంటుంది' అని కాదు, 'మా ఇంట్లో ఇలా చేస్తాం' అని మాట్లాడించాలి. ప్రశ్నలు చిన్నవి చాలు. సహరీకి మీ ఇంట్లో మొదట లేచేదెవరు? శివరాత్రి మర్నాడు మీ ఇంట్లో మొదట ఏం తింటారు? నలభై రోజుల్లో మీరు ఏది మానేస్తారు? అదే 'మీ మతంలో ఆడవాళ్ళకు...' అని మొదలైందా, ఆ చాప మీద ఇక చర్చే జరుగుతుంది, తిండి జరగదు. వార్తల్లో గొడవల మాట వస్తే భోజనం అయ్యాక చూద్దామని పక్కన పెట్టేయాలి.

పిల్లలకు 4:30 నుంచే పని అప్పజెప్పండి. ఖర్జూరాల్లో గింజలు తీయడం, పళ్ళేల్లో సర్దడం. పని చేసే పిల్లల వెనకాలే వాళ్ళ అమ్మలూ వస్తారు.

స్వర్ణాల_చెరువు_గట్టు:
పైవన్నీ బాగానే చెప్పారు, కానీ ఒక్క సాయంత్రం పెట్టి ఊరుకుంటే ముస్లింలు ఎప్పటికీ 'గౌరవనీయ అతిథులు'గానే మిగిలిపోతారు. లేదా వాళ్ళే వండి, వాళ్ళే వడ్డించి, మనం తిని వస్తాం. రెండూ తేడానే.

మా నెల్లూరు రొట్టెల పండగ చూడండి. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా పక్కన చెరువు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఇలా కోరికను బట్టి పేరు. ఈ ఏడు ఒకరి దగ్గర రొట్టె పుచ్చుకున్నవాడు కోరిక తీరితే మళ్ళీ వచ్చి ఇంకొకరికి అదే రొట్టె ఇవ్వాలి. ఎవరి మతమేమిటని అక్కడ ఎవరూ అడగరు, నీ దగ్గర ఉద్యోగ రొట్టె ఉందా అని అడుగుతారు. జనం మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం ఆ బాకీయే.

మీరూ బాకీ పెట్టుకోండి. ఇఫ్తార్ వంట పురమాయింపు, వడ్డన హిందువులు, క్రైస్తవులు చూడాలి. వినాయక చవితికి హాల్లో భోజనాల వడ్డన, చెప్పుల దగ్గర కాపలా ముస్లిం, క్రైస్తవ కుర్రాళ్ళు. పూజలో కూర్చోమని కాదు, భోజనాల దగ్గర. క్రిస్మస్‌కి ఇంకొకరు. హాలు వాడకానికి ఒకే పేజీ నియమాలు రాసి జనరల్ బాడీలో ఆమోదం తీసుకోండి: ఎన్ని గంటలు, శబ్దం ఎంత, శుభ్రం చేసేదెవరు. పండగేదైనా అవే నియమాలు. ఆరుబయట స్పీకర్ రాత్రి 10 తర్వాత ఎవరికీ లేదు.

బాల్కనీ_తులసి:
చాలా ఉపయోగంగా ఉంది, ధన్యవాదాలు. దీపం ఆలోచన మానేస్తాం. ఒక సందేహం: జైన కుటుంబాల్లో పెద్దవాళ్ళు పొద్దు గుంకాక ఏమీ తినరు. ఇఫ్తారేమో పొద్దు గుంకాకే. వాళ్ళను ఎలా పిలవాలి?

పెద్దగరిటె:
వాళ్ళకు 5:30కే పక్క గదిలో పళ్ళెం పెట్టించండి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప లేకుండా, శనగలు కూడా వాళ్ళకు విడిగా తాలింపు వేసి. 6:10 లోపు ముగించుకుంటారు. చౌవిహార్ అనే నియమం పాటించేవాళ్ళు పొద్దు గుంకిన తర్వాత నీళ్ళు కూడా తాగరు, కాబట్టి చాప మీద వాళ్ళ ముందు గ్లాసు పెట్టి మొహమాటపెట్టకండి. ఇష్టమైతే ఖర్జూరాల పళ్ళెం వాళ్ళ చేతికివ్వండి. సరిగ్గా 6:20కి హాల్లో తీరిగ్గా ఉండేది వాళ్ళొక్కరే, వడ్డన వాళ్ళే చూసుకుంటారు.