విలీనం తర్వాత ఫ్లైట్లు ఎందుకు రద్దవుతయి?

ప్రశ్న (నల్గొండ): శంషాబాద్ నుంచి ఢిల్లీకి టికెట్ ఉంది. రెండు ఎయిర్‌లైన్స్ కలిస్తే పైలట్లు పెరగాలె గదా, మరి సిబ్బంది లేరని ఎట్ల రద్దు చేస్తరు? రద్దయితే ఏం అడగాలె?

జవాబు: లెక్కకు పెరుగుతరు, డ్యూటీ వేయబోతే తక్కువ పడతరు. ఎయిర్‌బస్ 320 రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉన్న పైలట్‌ను బోయింగ్ 737లో కూర్చోబెట్టరాదు. విమానం ఒకటే రకమైనా, రెండు కంపెనీల పర్మిట్లు ఒకటై, మాన్యువల్ (కంపెనీ పద్ధతుల పుస్తకం) తేడాల మీద ట్రైనింగ్ అయ్యేదాకా అటోళ్లను ఇటు వాడలేరు. ట్రైనింగ్‌కు పోయినోళ్లు రోస్టర్‌లో (డ్యూటీ లిస్టుల) ఉండరు. పైగా జీతం, సీనియారిటీ పంచాయితీలు. 2024 ఏప్రిల్‌లో, ఎయిర్ ఇండియాలో కలవకముందే, విస్తారా ఎయిర్‌లైన్ తన ఫ్లైట్లు తగ్గించుకోవాల్సి వచ్చింది. కొత్త జీతాల ఒప్పందం మీద పైలట్ల అసంతృప్తి అందులో పెద్ద కారణం.

జవాబు (మహబూబ్‌నగర్): అన్న చెప్పినదానికి తోడు డ్యూటీ గంటలు. పైలట్ 28 రోజుల్లో 100 గంటలు దాటి ఎగరరాదు, ఒక్క రోజు డ్యూటీకి కూడా హద్దు ఉంటది. పొద్దున ఢిల్లీ పొగమంచుకు మూడు గంటలు లేటయిందనుకోండి, సాయంత్రం గేటుకాడ విమానం, ఇంధనం, జనం అంతా సిద్ధమే, పైలట్ టైమే అయిపోతది. స్టాండ్‌బై (అవసరానికి పిలిచే) పైలట్ వేరే ఊర్లో ఉంటే ఆ ఫ్లైట్ పోయినట్టే. వీలైతే పొద్దుటి తొలి ఫ్లైట్ తీసుకోండి, ముందటి లేటు దానికి తక్కువ అంటుకుంటది.

జవాబు: మీ అంతట మీరు క్యాన్సిల్ నొక్కొద్దు, చార్జీలు పడతయి. కంపెనీ రద్దు చేస్తే వేరే ఫ్లైటో, పూర్తి పైసలో మీ ఇష్టం. 24 గంటల ముందు కూడా చెప్పకుంటే డీజీసీఏ (విమానయానాన్ని చూసే సర్కారు సంస్థ) నిబంధన ప్రకారం పరిహారం అడగొచ్చు: రెండు గంటలు దాటిన ప్రయాణానికి 10,000 లేదా బేసిక్ చార్జీ ప్లస్ ఇంధన చార్జీ, ఏది తక్కువైతే అది. వాతావరణం లాంటి కారణాలకు రాదు. నెట్ సెంటర్‌ల టికెట్ తీయిస్తే వాళ్ల నంబరే పడతది. ఇయ్యాల్నే మీ నంబరు ఎక్కించుకోండి, లేకుంటే మెసేజ్ వాళ్లకు పోతది. కంపెనీ జవాబియ్యకుంటే ఎయిర్‌సేవలో (సర్కారు ఫిర్యాదుల పోర్టల్) ఫిర్యాదు పెట్టండి.