తోకకప్పల టబ్బులో తెల్ల పురుగులు: మందెయ్యాలా, మడ్డి తియ్యాలా?

కావలి కుర్రోడు:
20 లీటర్ల టబ్బు, చెరువు నీళ్లు, 40 తోకకప్పలు. రోజూ ఉడికించిన పాలకూర. పదో రోజుకి అడుగు మడ్డిలో వెంట్రుకంత సన్నటి తెల్ల పురుగులు వందల్లో ఉండాయి. తెల్లారేసరికి టబ్బు గోడ మీదికి పాకుతుండాయి. ఉప్పు వెయ్యాలా, పొటాషియం పర్మాంగనేటు వెయ్యాలా?

రొయ్యల గట్టు:
ఉప్పు వద్దు తమ్ముడూ. లీటరుకి 2 మిల్లీగ్రాముల పర్మాంగనేటు, అంటే నీ టబ్బుకి 40 మిల్లీగ్రాములు. చేపల చెరువుల్లో వాడే మోతాదే. ఊరికే నీళ్లు మారిస్తే మడ్డిలో గుడ్లు మిగిలిపోయి మళ్లీ పుడతాయి.

పెన్నగట్టు:
అన్నా, ఆ 2 మిల్లీగ్రాములు పురుగు దాకా పోవు. పర్మాంగనేటు ముందు కుళ్లిన ఆకుతో, మడ్డితో కలిసి ఖర్చయిపోతుంది. ఊదారంగు నీళ్లు కాసేపటికే గోధుమరంగుకి తిరిగితే అర్థం అదే. పురుగు చచ్చేదాకా పెంచుకుంటా పోతే తోకకప్ప మొప్పలు కాలతాయి. మైలుతుత్తం జోలికి అసలే పోవద్దు, అందులోని రాగి వీటికి విషం.

తమ్ముడూ, ముందు పురుగేదో తేల్చుకో. డ్రాపర్‌తో ఒకదాన్ని గాజుగ్లాసు నీళ్లలో వేసి, వెనక నల్లగుడ్డ పట్టి టార్చి కొట్టి చూడు. పాములా మెలికలు తిరిగితే మడ్డి తిని బతికే పురుగు, తోకకప్పని ఏమీ చెయ్యదు. ఒళ్లు కదలకుండా గాజు మీద జారతా, తల ముక్కోణంగా, రెండు కంటిచుక్కలు కనిపిస్తే ప్లనేరియా అనే చదును పురుగు. రెండు కొసలా అంటుకుంటా మూర వేసినట్టు నడిస్తే జలగపిల్ల, దాన్ని మాత్రం వెంటనే ఏరెయ్యి.

నువ్వు చెప్పినదాన్ని బట్టి మొదటి రకమే. అవి తెల్లారుజామున పైకొస్తుండాయంటే అడుగున ప్రాణవాయువు తగ్గింది. అసలు జబ్బు అది. పురుగు మనకి చెబుతుంది, అంతే.

పాకల తీరం:
40 ఎక్కువ, లీటరుకి ఒకటి చాలు. సగం వేరే టబ్బులోకి మార్చండి. సన్నగొట్టంతో అడుగు మడ్డి పీల్చి, గొట్టం చివర తెల్లగుడ్డ కట్టండి, తోకకప్ప జారినా దొరుకుద్ది. మూడు రోజులు రోజూ నాలుగోవంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి వెడల్పు బకెట్లో 24 గంటలు ఎండలో పెట్టాలి. తొందరైతే క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేటు ఉంది: 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కి సుమారు 7 మిల్లీగ్రాములు. బోరునీళ్లు ఉప్పగా ఉంటే వద్దు.

పాలకూర రెండు మూడు గంటల్లో తిన్నంతే వెయ్యండి, మిగిలింది తీసెయ్యండి. ముందుకాళ్లు వచ్చినవాటికి మేత అక్కర్లేదు. నోరు మారుతుంది కాబట్టి తోక కరిగేదాకా తినవు. అప్పుడూ ఆకు వేస్తూ పోతే పురుగులకే పంట. వాటికి ఒడ్డులా ఒక రాయి ఏటవాలుగా పెట్టండి, లేకుంటే మునిగి చస్తాయి.

రొయ్యల గట్టు:
మడ్డి పురుగు సంగతి ఒప్పుకుంటా. ప్లనేరియా అయితే మాత్రం నీళ్లు మార్చినా పోదు, ముక్క తెగినా మళ్లీ పెరుగుద్ది. కుక్కలకిచ్చే నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్‌కి చస్తుంది.

పెన్నగట్టు:
చస్తుంది, నిజమే. వందలు ఒక్కసారే చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరిగి తోకకప్పలు పోతాయి. అందుకని ముందు వాటిని వేరే టబ్బులోకి తియ్యాల్సిందే. తీశాక ఇక మందెందుకన్నా? ఖాళీ టబ్బుని వేడినీళ్లతో కడిగి, బాగా ఎండబెడితే గుడ్లతో సహా పోతాయి. కొత్త టబ్బులో వేసే ముందు తోకకప్పల్ని క్లోరిన్ లేని మంచినీళ్లలో రెండుసార్లు కడిగితే చాలు.

రొయ్యల గట్టు:
తొట్టి సిమెంటుదై, కదలనిదైతే?

పెన్నగట్టు:
అయినా అంతే. తూము తీసి ఎండగట్టడమే. ఆ మురికి నీళ్లు కాలవలోకి వదలొద్దు, చెట్టు మొదట్లో పొయ్యండి.