లాస్‌లెస్ కోసం మినీ పీసీయా, షీల్డ్ బాక్సా?

కొండాపూర్_హాలు:
టీవీ కింద పట్టే చిన్న పీసీ కావాలి. నా బ్లూరే డిస్కుల నుంచి తీసుకున్న 4కే ఫైళ్లు, ఫ్లాక్ ఫైళ్లలో ఉన్న పాటలు లాస్‌లెస్‌గా, అంటే ఏమాత్రం క్వాలిటీ తగ్గకుండా రావాలి. 5.1 రిసీవర్ (సౌండ్‌ని స్పీకర్లకి పంచే ఆంప్లిఫయర్) ఉంది. ఇంటెల్ ఎన్100 చిప్ చాలదు, ఐ7 తీసుకో అంటున్నాడు ఆఫీసులో ఫ్రెండు. శనివారం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తున్నా, ఈలోగా చెప్పండి.

పాత_రిసీవర్:
ఐ7 డబ్బు దండగండీ. ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే బ్లూరే లాస్‌లెస్ సౌండ్ ఫార్మాట్లని డీకోడ్ చేసేది (విప్పేది) రిసీవర్. పీసీ దాన్ని ఉన్నదున్నట్టు హెచ్‌డీఎంఐలో పంపితే చాలు. 10 బిట్ హెచ్‌ఈవీసీ, ఏవీ1 పద్ధతుల్లో కుదించిన వీడియోని విప్పే డీకోడర్లు ఆ 6 వాట్ల ఎన్100లోనే ఉన్నాయి.

అసలు గొడవ వైరింగుతో. పీసీని టీవీకి తగిలించి, అక్కణ్ణుంచి మామూలు ఆర్క్‌తోనో (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐలోనే వెనక్కి పంపే దారి) ఆప్టికల్ కేబుల్‌తోనో రిసీవర్‌కి తెచ్చారా, ట్రూహెచ్‌డీ గోవిందా. అంత డేటా వాటిలో పట్టదు. పీసీ ముందు రిసీవర్‌కి, తర్వాత టీవీకి వెళ్లాలి.

అన్నట్టు, సినిమా డిస్కుల వీడియోలో లాస్‌లెస్ అంటూ ఏమీ లేదు. 4కే డిస్కులో ఉన్నదే కుదించిన బొమ్మ. మళ్లీ కుదించకుండా చూసుకోవడం వరకే మన పని.

బోయిన్‌పల్లి_బాస్:
పీసీ లొల్లి ఎందుకన్నా? ఎన్విడియా షీల్డ్ టీవీ ప్రో తీస్కో, టీవీకి తగిలించే ఆండ్రాయిడ్ బాక్స్. డాల్బీ విజన్ (హెచ్‌డీఆర్ బొమ్మల్లో ఒక రకం) వస్తది, ట్రూహెచ్‌డీ అట్మాస్ సౌండ్ రిసీవర్‌కి పోతది, నెట్‌ఫ్లిక్స్ 4కే రిమోట్‌తోనే నడుస్తది. నువ్వు విండోస్ అప్‌డేట్ చేస్కుంట కూసుంటే ఇంట్ల వాళ్లు ఊకుంటరా?

పాత_రిసీవర్:
డాల్బీ విజన్ విషయంలో మీదే పైచేయి, ఒప్పుకుంటా. కానీ అది 2019 మోడల్, ఏవీ1 హార్డ్‌వేర్ డీకోడర్ లేదు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి అది లోటే.

మణికొండ_మైక్:
పాటల సంగతి ఎవరూ ఎత్తరేం? సీడీ నుంచి తీసిన ఫ్లాక్ 44.1 కిలోహెర్ట్జ్. విండోస్ మిక్సర్ 48 మీద సెట్ అయి ఉంటే దాన్ని చెప్పాపెట్టకుండా మార్చేస్తుంది. ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ (ఆ మిక్సర్‌ని తప్పించే సెట్టింగ్) పెట్టి, పాట నడుస్తుండగా రిసీవర్ ఇన్ఫో బటన్ నొక్కండి. 44.1 కనిపిస్తే సరే.

ఇంకోటి, మే నెల ఎండల్లో ఫ్యాన్ లేని పీసీని గ్లాసు తలుపున్న అరలో పెట్టకండి. వేడెక్కి దానంతటదే స్పీడు తగ్గించుకుంటుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఫ్యాన్ ఉన్నదైతే డైలాగ్ లేని సీన్లో గుయ్‌మంటుంది. నా ఓటు ఫ్యాన్ లేనిదానికే, కానీ అర బయట.

కొండాపూర్_హాలు:
రిసీవర్ వెనక చూశా. 2013 మోడల్, ట్రూహెచ్‌డీ ఉంది కానీ 4కే హెచ్‌డీఆర్ (వెలుగు, రంగులు ఎక్కువుండే బొమ్మ) దాని గుండా వెళ్లదు. దీన్ని మార్చే బడ్జెట్ లేదు.

పాత_రిసీవర్:
అయితే రెండు హెచ్‌డీఎంఐలున్న మినీ పీసీ అడగండి. ఒకటి టీవీకి, ఒకటి రిసీవర్‌కి. డిస్‌ప్లే ఎక్స్‌టెండ్‌లో పెట్టి, కోడీ అనే ప్లేయర్ యాప్ ఆడియో ఔట్‌పుట్‌లో రిసీవర్ పేరు ఎంచుకుంటే సరి.

బోయిన్‌పల్లి_బాస్:
షీల్డ్‌కి ఉన్నదే ఒక్క హెచ్‌డీఎంఐ. సరే అన్నా, నీ కేసుల పీసీయే. రిసీవర్ మార్చిన్నాడు మాత్రం మళ్ల మాట్లాడుకుందాం.