కోడ్‌లో ఒక్క లైను మార్చినా డాకర్ ఇమేజ్ బిల్డ్ మళ్లీ మొదటి నుంచే, ఏం చేయాలి?

హన్మకొండ_ఫైనల్‌ఇయర్:
అన్నలూ, అక్కలూ, కాస్త చెప్పండి. ఏనుమాముల మార్కెట్ మిర్చి ధరలు చూపించే చిన్న ఫ్లాస్క్ (పైథాన్ వెబ్) యాప్ మా ప్రాజెక్టు. యాప్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి ఇమేజ్ అనే ఒకే ప్యాకెట్‌గా కట్టే డాకర్ వాడుతున్నాం. టెర్మినల్‌లో "డాకర్ బిల్డ్ -టి మిర్చి ." కొడితే ఇమేజ్ తయారవుతోంది, రన్ కూడా అవుతోంది. కానీ యాప్ ఫైల్‌లో ఒక్క అక్షరం మార్చినా పాండాస్, నమ్‌పై లాంటి పైథాన్ లైబ్రరీలన్నీ మళ్లీ డౌన్‌లోడ్. రూమ్‌లో ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, సాయంత్రానికే డేటా ఖతం. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఇమేజ్ ఎలా కట్టాలో వరుసగా రాసే డాకర్‌ఫైల్‌లో, బేస్ ఇమేజ్ పేరు చెప్పే ఫ్రమ్ లైన్ తర్వాత "కాపీ . .", దాని కింద లైబ్రరీలు దించే పిప్ ఇన్‌స్టాల్ ఉన్నాయి.

మడికొండ_డెవ్:
తమ్మీ, ఆ వరుసలోనే ఉంది తిప్పలంతా. ఫైళ్లు తెచ్చే లైనైనా, కమాండ్ నడిపే లైనైనా ఒక్కోటి ఇమేజ్‌లో ఒక్కో లేయర్ (పొర). కాపీ చేసే ఫైళ్లలో ఏది మారినా ఆ లేయర్ క్యాష్ (గత బిల్డ్‌లో దాచుకున్నది) పనికిరాదు, దాని తర్వాతివన్నీ మళ్లీ నడుస్తాయి. నువ్వు కోడ్ మొత్తం ముందే కాపీ చేస్తున్నావు కాబట్టి పిప్ ప్రతిసారీ నడవక తప్పదు. ముందు లైబ్రరీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఒక్కటే కాపీ చెయ్, తర్వాత పిప్ ఇన్‌స్టాల్, ఆ కింద "కాపీ . .". అంతే.

కరీంనగర్_అక్క:
కమాండ్ చివర ఆ చుక్క ఉంది చూడు, బిల్డ్‌కి అందుబాటులో ఉండే ఫోల్డర్ అదే. అందులో వెన్వ్ (నీ ల్యాప్‌టాప్‌లోని పైథాన్ లైబ్రరీల ఫోల్డర్), గిట్ ఫోల్డర్, పాత సీఎస్‌వీలు ఉంటే "కాపీ . ." వాటినీ ఇమేజ్‌లోకి లాగేస్తుంది. వాటి పేర్లు డాకర్‌ఇగ్నోర్ ఫైల్‌లో రాయి, అప్పుడు బిల్డ్ వాటిని వదిలేస్తుంది. పాస్‌వర్డ్‌లుండే ఎన్వ్ ఫైల్ మాత్రం తప్పకుండా రాయాలి. లోపలికి వెళ్లాక తర్వాతి లైన్‌లో డిలీట్ చేసినా ముందటి లేయర్‌లో అలాగే ఉంటుంది, ఇమేజ్ దొరికినవాళ్లు విప్పి చదువుకోవచ్చు. ఈ విషయం కాలేజీల్లో మొదటి రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

నిజామాబాద్_లైనక్స్:
బేస్ ఇమేజ్ ఆల్పైన్ లైనక్స్‌కి మార్చు, చాలా చిన్నగా ఉంటది.

మడికొండ_డెవ్:
అన్నా, గో భాషలో రాసిన ప్రోగ్రామ్ అయితే మీ మాటే కరెక్ట్. పైథాన్‌కి మాత్రం నేను ఒప్పుకోను. ఆల్పైన్‌లో డెబియన్ లాంటి లైనక్స్‌లలో ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ ఉండదు, దాని బదులు మజిల్ ఉంటుంది. దానికి సరిపడే వీల్ (ముందే కంపైల్ చేసిన ఫైల్) దొరకని ప్యాకేజీని పిప్ సోర్స్ నుంచి కంపైల్ చేయాలి. జీసీసీ కంపైలర్, హెడర్లు అన్నీ పెట్టాల్సి వస్తుంది, బిల్డ్ నత్తనడక. డెబియన్ మీద వచ్చే పైథాన్ స్లిమ్ ఇమేజ్ చాలు.

నిజామాబాద్_లైనక్స్:
నిజమే, పాండాస్ సంగతి ఆలోచించలేదు. అయితే ఇంకోటి. రిక్వైర్‌మెంట్స్‌లో కొత్త ప్యాకేజీ ఒకటి చేర్చినా పిప్ లేయర్ మొత్తం మళ్లీ నడుస్తుంది కదా. రన్ లైన్‌లో "--మౌంట్=టైప్=క్యాష్" పెట్టి, టార్గెట్‌గా పిప్ క్యాష్ ఫోల్డర్ ఇస్తే పాత డౌన్‌లోడ్‌లు బిల్డ్‌కీ బిల్డ్‌కీ మధ్య మిగిలే ఉంటాయి. దీనికి బిల్డ్‌కిట్ (డాకర్ కొత్త బిల్డ్ ఇంజిన్) కావాలి. 2023లో వచ్చిన డాకర్ ఇంజిన్ 23.0 నుంచి లైనక్స్‌లో అది డీఫాల్టే. పిప్‌కి "నో క్యాష్ డిర్" ఇచ్చి ఉంటే తీసెయ్, లేకపోతే ఈ పనంతా వృథా.

హన్మకొండ_ఫైనల్‌ఇయర్:
వరుస మార్చాను. ఇప్పుడు కోడ్ మార్చి బిల్డ్ కొడితే పిప్ లైన్ పక్కన క్యాష్డ్ అని వస్తోంది, చివరి కాపీ ఒక్కటే నడుస్తోంది. చాలా థాంక్స్ అన్నా, అక్కా. ఇంకొక్క సందేహం. మా ఫ్రెండ్ ఎం1 మ్యాక్‌లో బిల్డ్ చేసిన ఇమేజ్ ల్యాబ్ పీసీలో "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" ఇస్తోంది. ల్యాబ్‌లో నెట్ కూడా లేదు.

కరీంనగర్_అక్క:
మ్యాక్‌ది ఆర్మ్ ప్రాసెసర్, ల్యాబ్‌ది ఇంటెల్ అయి ఉంటుంది. మ్యాక్‌లో బిల్డ్ చేసేటప్పుడు "--ప్లాట్‌ఫామ్ లైనక్స్/ఏఎండీ64" ఇవ్వమను, ఇంటెల్ పీసీలకీ ఇదే పేరు. ఎమ్యులేషన్ (వేరే ప్రాసెసర్‌ని అనుకరించడం) కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. అంతకన్నా నీ ల్యాప్‌టాప్ ఇంటెల్‌దైతే అందులోనే బిల్డ్ చెయ్. నెట్ లేకపోయినా ఇబ్బంది లేదు, "డాకర్ సేవ్ -ఓ" తో టార్ ఫైల్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లు, అక్కడ "డాకర్ లోడ్ -ఐ" కొట్టు. ఎక్కించే ముందు "డాకర్ ఇమేజ్ ఇన్‌స్పెక్ట్" లో ఆర్కిటెక్చర్ దగ్గర ఏఎండీ64 అని ఉందో లేదో చూస్కో.