అప్‌డేట్: అమ్మ పోయాక ప్రార్థన చేయలేకపోతున్నానని అడిగింది నేనే

అమ్మ క్యాన్సర్‌తో పోయాక మోకరించినా నోట మాట రావట్లేదని, విశ్వాసం పోయిందేమోనని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

నాకు బాగా పనిచేసింది బైబిల్లోని 88వ కీర్తన చదవమని ఇక్కడ ఒక అక్క ఇచ్చిన సలహా. విలాప కీర్తనలు (దుఃఖంతో దేవుడికి మొరపెట్టుకునేవి) చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, 13వది ఆరు వచనాల్లోనే తిరుగుతుంది. 88 మాత్రం చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా మొదటి నుంచి చివరిదాకా మాట్లాడేది దేవుడితోనే. అమ్మ బైబిల్లో, ఆమె ఎర్ర పెన్నుతో గీసిన గీతల మధ్య, రోజూ పడుకునే ముందు దాన్నే పైకి చదివాను. నా సొంత మాటలు మెల్లగా వచ్చాయి.

నిద్ర పట్టకపోతే డాక్టర్‌కి చూపించుకోమన్న అన్నయ్యదీ సరైన మాటే. డిప్రెషన్ అన్నారు. మందులు, కౌన్సెలింగ్ నడుస్తున్నాయి. మందులు వాడితే విశ్వాసం లేనట్టేనా అని టెన్షన్ పడుతుంటే మా పాస్టర్‌గారు బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం తీసి చూపించారు. ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగి పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ఇచ్చింది ప్రసంగం కాదు, అప్పం, నీళ్లు. అతను మళ్ళీ నిద్రపోతే మళ్ళీ లేపి తినమన్నాడు.

చర్చి మారమని, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో వెతుక్కోమని కొందరు ఇచ్చిన సలహాలు నా విషయంలో సంబంధం లేనివని తేలింది. కొందరు చెప్పిన ఉపవాసం మాత్రం మందులు ఆపేదాకా వద్దని డాక్టర్‌గారే చెప్పారు.